కుందేలుతో కారు ప్రయాణం: మేము చేసిన తప్పు, తర్వాత నేర్చుకున్నవి

వేసవి సెలవులు దగ్గరపడితే సంఘం ఫోనుకు వచ్చే ప్రశ్నలు మాకు కంఠస్థమే. తెలుగు వాచకాలు ఎప్పుడొస్తాయి, భాషా మైనారిటీ ధ్రువపత్రానికి ఏ కాగితాలు పెట్టాలి, ఉగాది సభ ఫొటోలు ఎవరి దగ్గరున్నాయి. ఈ రెండు మూడేళ్లుగా వీటికి ఇంకొకటి తోడైంది. "కార్యదర్శి గారూ, విశాఖపట్నం పెళ్లికి వెళ్తున్నాం. పిల్లలు కుందేలును వదిలి రామంటున్నారు. కారులో తీసుకెళ్లొచ్చా?"

ఒకప్పుడైతే "దానికేముంది, బుట్టలో పెట్టుకుని పదండి" అనేసేవాళ్లం. ఇప్పుడు అలా అనడం లేదు. ఎందుకో చెప్పాలంటే మా ఇంట్లో జరిగింది ముందు చెప్పాలి. ఫోనులో ప్రతి ఒక్కరికీ ఇంత వివరంగా చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

మల్లి సంగతి

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు మా ఇళ్లు ఇటు మిగిలాయి, చుట్టాలు సగం మంది అటు మిగిలారు. పెళ్లైనా, పేరంటమైనా, పెద్దకర్మైనా ఇచ్ఛాపురం దాటి వెళ్లాల్సిందే. కొన్నేళ్ల కిందట వైశాఖ మాసంలో విశాఖపట్నంలో మా మేనకోడలి పెళ్లి వచ్చింది. అప్పుడు మా మనవరాలికి తొమ్మిదేళ్లు. మల్లెపూవులా తెల్లగా ఉంటుందని తన కుందేలుకు మల్లి అని పేరు పెట్టుకుంది. మల్లి రాకపోతే తానూ రానని భీష్మించుకుని కూర్చుంది. సరేనని ఒక వెదురు బుట్టలో గుడ్డలు పరిచి వెనక సీట్లో పెట్టుకున్నాం.

బయల్దేరేసరికి ఉదయం తొమ్మిది. శ్రీకాకుళం దాటాక మధ్యాహ్నం భోజనానికి రోడ్డు పక్క హోటలు దగ్గర ఆగాం. చెట్టు నీడ చూసి కారు పెట్టించాం. డ్రైవరు కుర్రాడు, "నేను ఏసీ వేసుకుని కార్లోనే కూర్చుంటానండి, మీరు తినొచ్చాక తింటాను" అన్నాడు. ఊరికే పెట్రోలు కాలడం ఎందుకని మేమే వద్దన్నాం. అద్దాలు రెండు వేళ్ల సందు దింపితే చాలన్నాం. మనవరాలు "తాతా, మల్లికి ఉక్కపోస్తుందేమో" అంది. "పది నిమిషాల్లో వచ్చేస్తాం" అన్నాం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని సామెత. ఆ రోజు ఆ మాట అక్షరాలా మాకే వర్తించింది.

హోటలు నిండా జనం. పది నిమిషాలు అనుకున్నది నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా చెట్టు నీడ జరిగిపోయింది. వచ్చి చూసేసరికి మల్లి ఒరిగి పడుకుని, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. కంగారులో మేము ఇంకో తప్పు చేశాం. కూల్‌డ్రింకుల పెట్టెలో కరిగిన ఐసు నీళ్లు దాని ఒంటి మీద ఒక్కసారిగా గుమ్మరించాం. పశువుల డాక్టరు ఎక్కడున్నాడో వాకబు చేసి వెళ్లేలోపే ప్రాణం పోయింది.

మనవరాలు పెద్దగా ఏడవలేదు. పెళ్లిలో ఎవరితోనూ మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో ఒక్కటే అడిగింది: "తాతా, పది నిమిషాలని ఎందుకు చెప్పావు?" ముప్పై మూడేళ్లు గుమాస్తాగా పనిచేసి ఎంతో మందికి జవాబులు రాశాం. ఆ ప్రశ్నకు మాత్రం మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ నలభై నిమిషాలు ఏసీ నడిచినా అర లీటరు, మహా అయితే ముప్పావు లీటరు పెట్రోలు అయ్యేది.

రెండేళ్ల తర్వాత ఇంట్లోకి ఇంకో కుందేలు వచ్చింది. దాని పేరు ముత్యం. మా ఊరి పశువైద్యుల్ని అడిగి, చదివి, జాగ్రత్తలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాం. ముత్యం ఇప్పటికి ఇదే దారిలో చాలాసార్లు వెళ్లి క్షేమంగా తిరిగొచ్చింది. ఆ కాగితమే కాస్త విస్తరించి ఇక్కడ పెడుతున్నాం.

కుందేలు ఒళ్లు వేరు

కుక్కను తీసుకెళ్లినట్టే కుందేలునూ తీసుకెళ్లొచ్చని చాలామంది అనుకుంటారు. మూడు విషయాల్లో తేడా ఉంది.

మొదటిది వేడి. కుందేలుకు మనలా చెమట పట్టదు. కుక్కలా నాలుక చాచి వగర్చి ఒళ్లు చల్లబరచుకోవడం కూడా దానికి చేతకాదు. ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల గుండానే బయటికి పోవాలి. పల్చటి చెవుల్లో రక్తనాళాలు కనిపించేది అందుకే. బయటి గాలి 15 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. 28, 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. మనకు మామూలు ఉక్కపోత అనిపించేది దానికి ప్రాణాంతకం కావచ్చు.

రెండోది కడుపు. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. అందుకే అది రోజంతా ఏదో ఒకటి నములుతూ ఉంటుంది. భయపడితే తిండి మానేస్తుంది. తిండి మానేస్తే పేగుల కదలిక మందగించి గ్యాసు పట్టేస్తుంది. పది పన్నెండు గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉందంటే అత్యవసరమనే అర్థం. ఇంకో సంగతి, కుందేలు వాంతి చేసుకోలేదు. కాబట్టి ప్రయాణానికి ముందు పస్తు పెట్టాల్సిన పనిలేదు, పెట్టకూడదు కూడా.

మూడోది భయం. అది వేటకు గురయ్యే జంతువు. హారన్లు, కుక్క మొరుగుడు, కొత్త వాసనలు, ఎత్తుకునే కొత్త చేతులు అన్నీ దానికి ప్రమాద సంకేతాలే. బెదిరి గట్టిగా వెనక కాళ్లు తన్నుకుంటే దాని వెన్నెముక అదే విరిగిపోయే అవకాశం ఉంది. చెవులు పట్టుకుని ఎత్తే అలవాటు మన పెద్దల్లో ఇంకా ఉంది. అది పూర్తిగా మానాలి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి ఒంటికి ఆనించి ఎత్తాలి.

అసలు తీసుకెళ్లాలా?

ఒకటి రెండు రోజుల ప్రయాణమైతే వద్దనే మా సలహా. ఇంట్లో అలవాటైన చోటే ఉంచి, పొద్దునా సాయంత్రం వచ్చి గడ్డి, నీళ్లు, పెంటికలు చూసే మనిషిని ఏర్పాటు చేసుకోవడం మేలు. మా సంఘంలో దీనికోసం ఒక నోటుపుస్తకం పెట్టాం. కుందేళ్లున్న ఇళ్లవాళ్లు అందులో పేర్లు రాసుకున్నారు. ఒకరు ఊరెళ్తే మరొకరు చూస్తారు. మీ ఊళ్లోనూ మన ఇళ్లు నాలుగున్నా ఈ పద్ధతి నడుస్తుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. అతిథిగా వచ్చిన కుందేలును మీ కుందేలుతో కలిపి వదలొద్దు. పరిచయం లేని కుందేళ్లు రక్తం వచ్చేలా కరుచుకుంటాయి.

రెండు నెలలు నిండని పిల్లల్ని, చూలుతో ఉన్నవాటిని, ముసలివాటిని, ఆ వారంలో తిండి సరిగా తినని వాటిని అసలు కదపొద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని కారైతే పిల్లలు ఎంత ఏడ్చినా తీసుకెళ్లకండి.

తీసుకెళ్లక తప్పని సందర్భాలూ ఉంటాయి. నెలరోజుల సెలవులు, ఇల్లు మారడం, చూసే మనిషి దొరకకపోవడం లాంటివి. మిగతా జాగ్రత్తలు వాళ్ల కోసం.

పెట్టె, దాని చోటు

వెదురు బుట్ట పనికిరాదు. కొరికేస్తుంది, గాలీ సరిగా ఆడదు. అట్టపెట్టె మూత్రంతో తడిసి అడుగు ఊడిపోతుంది. అడుగున తీగలున్న పంజరంలో కాళ్లు ఇరుక్కుంటాయి. మూడు నాలుగు వైపులా గాలి సందులు, గట్టి గడియ ఉన్న ప్లాస్టిక్ పెట్టె కొనుక్కోండి. పెంపుడు జంతువుల సామాన్లమ్మే కొట్లలో పిల్లి పెట్టె అని అడిగితే ఇస్తారు. పై మూత కూడా తెరుచుకునేదైతే మరీ మంచిది. బెదిరిన కుందేలును ముందు తలుపులోంచి లాగడం కష్టం.

రెండు కిలోల కుందేలుకు సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు సరిపోతాయి. అది చాచుకుని పడుకోవాలి, వెనక్కి తిరగగలగాలి. మరీ పెద్దదైతే బ్రేకు వేసినప్పుడల్లా అటూ ఇటూ పడుతుంది. జంటగా పెరిగినవాటిని విడదీయకుండా ఒకే పెద్ద పెట్టెలో పెట్టండి. ఒకదానికొకటి ధైర్యం.

అడుగున జారని రబ్బరు చాప ముక్క, దాని మీద పాత తువ్వాలు, ఆపైన ఎండుగడ్డి వేయండి. కొత్త తువ్వాలు వద్దు. ఇంట్లో దాని వాసన పట్టిన పాతదే కావాలి.

ముందు సీటు వెనకాల కింద ఉన్న జాగాలో పెట్టె బిగుతుగా పడితే అదే అన్నిటికన్నా భద్రం. పట్టకపోతే వెనక సీటు మీద పెట్టి, బెల్టు దాని చుట్టూ తిప్పి కదలకుండా కట్టండి. పెట్టె పొడవు కారుకు అడ్డంగా ఉండాలి. అలా ఉంటే బ్రేకు పడ్డప్పుడు తల గోడకు కొట్టుకోదు. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో, డిక్కీలో పెట్టకూడదు. ఏసీ గాలి నేరుగా మొహానికి కొట్టకూడదు. ఎండ పడే వైపు అద్దానికి తెర వేయండి. పెట్టె మీద పల్చటి నూలు గుడ్డ సగం వరకే కప్పండి. చీకటిగా ఉంటే దానికి ధైర్యం, మిగతా సగం గాలికి.

పిల్లలు ఒళ్లో పెట్టుకుంటామంటారు. ఒప్పుకోకండి. ఒక్క గెంతుతో డ్రైవరు కాళ్ల దగ్గర బ్రేకు కింద దూరగలదు. అప్పుడు ప్రమాదం కుందేలుకొక్కదానికే కాదు, కార్లో ఉన్న అందరికీ.

వారం ముందు నుంచి

పెట్టెను వారం ముందే తెచ్చి తలుపు తీసి ఇంట్లో ఒక మూల పెట్టండి. లోపల కొత్తిమీర రెబ్బలు వేయండి. అదే వెళ్లి రావడం మొదలుపెడుతుంది. తర్వాత ఒకసారి పెట్టెలో పెట్టి కారు స్టార్టు చేసి ఊరికే ఐదు నిమిషాలు ఉండండి. మరునాడు వీధి చివరి దాకా. మేము ముత్యాన్ని ఒక సాయంత్రం గోపాలపూర్ దాకా, అంటే పదహారు కిలోమీటర్లు, తీసుకెళ్లి తెచ్చాం. ఇంటికొచ్చిన గంటలోపు గడ్డి తిని, పెంటికలు మామూలుగా వేసింది. అప్పుడే విశాఖ ప్రయాణం ఖాయం చేసుకున్నాం. తిండి మానేసి ఉంటే దాన్ని ఇంటి దగ్గరే వదిలేవాళ్లం.

పశువైద్యుడికి ఒకసారి చూపించండి. నిద్ర మాత్రలు, మనకిచ్చే వాంతుల మాత్రలు మీ అంతట మీరు వేయకండి. అమాక్సిసిలిన్ లాంటి మనుషుల మందు నోటి ద్వారా వేస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి కుందేలే చనిపోతుంది. ఇంట్లో ఉన్న సిరపే కదా అని చుక్క కూడా పోయొద్దు.

వెళ్లే దారిలో కుందేళ్లను చూసే డాక్టరు ఎక్కడున్నారో ముందే కనుక్కోండి. అందరు పశువైద్యులూ కుందేళ్లను చూడరు. పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఈ విషయంలో ఆసరా. విజయనగరం జిల్లా గరివిడి, గన్నవరం, తిరుపతి, హైదరాబాదు రాజేంద్రనగర్, భువనేశ్వర్, బెంగళూరు హెబ్బాళ, చెన్నై వేపేరి, ముంబయి పరేల్‌లలో ఇవి ఉన్నాయి. సంచార పశువైద్య వాహనాల నంబరు 1962 చాలా రాష్ట్రాల్లో పనిచేస్తోంది. అది ప్రధానంగా పాడి పశువుల కోసమే అయినా దగ్గరి ఆసుపత్రి ఎక్కడో చెబుతారు.

బయల్దేరే వేళ, దారి తిండి

బరంపురం నుంచి విశాఖపట్నం సుమారు 270 కిలోమీటర్లు, ఐదు గంటల పైచిలుకు. ఇప్పుడు మేము తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరుతున్నాం. పలాస దగ్గర తెల్లారుతుంది. ఎండ ముదిరేలోపు విశాఖ చేరిపోతాం. కుందేలు తెల్లవారుజామున, సంధ్యవేళ చురుగ్గా ఉంటుంది. అందుకని మొదటి అరగంట పెట్టెలో కొంత గోల చేస్తుంది, తర్వాత సర్దుకుంటుంది.

ఎక్కించే ముందు ఒక గంట కారుకు నీడ పట్టున తలుపులు తీసి ఉంచండి. ఏసీ వేసి లోపల చల్లబడ్డాకే పెట్టె ఎక్కించండి.

దారి పొడుగునా ఎండుగడ్డి అందుబాటులో ఉండాలి. దుకాణాల్లో దొరికే విదేశీ గడ్డి ఖరీదు ఎక్కువ. మేము గరికను శుభ్రంగా కడిగి నీడన ఎండబెట్టి పట్టుకెళ్తాం. వరిగడ్డిలో బలం తక్కువ, పరుపుగా వాడుకోవచ్చు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, కీరా ముక్క తడితో సహా ఇస్తే నీరు కూడా అందుతుంది. అవి కూడా ఇంట్లో అలవాటైనవే ఇవ్వాలి. క్యాబేజీ గ్యాసు చేస్తుంది. బిస్కెట్లు, మరమరాలు, అరిసెలు, అరటిపండు ముద్దుకొద్దీ పెట్టొద్దు. దారి పక్క గడ్డి అసలే కోయొద్దు. వాహనాల పొగ, చేల మందులు దాని మీదే పడతాయి.

కుందేలు కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది. కదిలే కార్లో గిన్నె ఒలుకుతుంది, సీసా కారుతుంది, గుడ్డలు తడుస్తాయి. గంటా గంటన్నరకొకసారి కారు ఆపి, దాని సొంత గిన్నెలో నీళ్లు పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. కొత్త నీటి రుచి నచ్చక తాగడం మానేసే కుందేళ్లు ఉన్నాయి.

దారిలో

మేము ఇప్పుడు హోటళ్ల దగ్గర ఆగడం లేదు. మా ఇంటావిడ ముందు రాత్రే పులిహోర కలిపి పెడుతుంది. పలాస దాటాక ఒకసారి, మడపం దగ్గర వంశధార దాటాక ఒకసారి నీడ చూసి ఆగుతాం. ఒకరు దిగితే ఒకరు కార్లో ఉంటారు. ఎవరి వంతు ఎప్పుడో మనవరాలే చెబుతుంది, ఆ పని దానిదే.

ఆగిన కారు గురించి లెక్క తెలుసుకోవడం మంచిది. ఎండలో ఆపిన కారు లోపల వేడి మొదటి పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. అరగంటకు సుమారు పంతొమ్మిది డిగ్రీలు. బయట 35 ఉంటే లోపల 54 అన్నమాట. అద్దాలు కాస్త దింపడం వల్ల తేడా స్వల్పమే. మేము రెండు వేళ్ల సందు చాలన్నప్పుడు ఈ లెక్క మాకు తెలియదు. మనవరాలు ముందే అడిగింది కాబట్టి తెలియదని చెప్పి తప్పుకోలేం.

ఏసీ చాలకపోతే అనే ముందుచూపుతో రెండు నీళ్ల సీసాలు గడ్డకట్టించి, తువ్వాలులో చుట్టి పెట్టె లోపల ఒక పక్క పెట్టండి. కుందేలు కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది. చెవులను తడి చేత్తో అప్పుడప్పుడు నిమరండి.

పాటలు చిన్నగా పెట్టుకోండి. అగరుబత్తీ, ఘాటైన సెంటు కార్లో వద్దు. దారిలో పెట్టె తలుపు తీయాల్సి వస్తే ముందు కారు తలుపులు, అద్దాలు అన్నీ మూసి ఉన్నాయో లేదో చూసుకోండి. హైవే మీద తప్పించుకున్న కుందేలు మళ్లీ దొరకదు.

వడదెబ్బ తగిలితే

నోరు తెరిచి ఊపిరి తీయడం, చెవులు ఎర్రబడి కాలడం, ముక్కు, మూతి చుట్టూ తడి, ఒళ్లు వేలాడేయడం, పిలిచినా కదలకపోవడం దీని గుర్తులు. కుందేలు ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 39.5 డిగ్రీలు. 40 దాటి పెరుగుతుంటే నిమిషాలే గడువు.

వెంటనే చల్లటి చోటికి మార్చండి. మామూలు కుళాయి నీళ్లతో చెవులు, పాదాలు తడపండి. తడిగుడ్డ మీద పడుకోబెట్టి విసరండి. ఐసు నీళ్లు పోయడం, నీళ్లలో ముంచడం చేయకూడదు. హఠాత్తుగా చల్లబడితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది, పైగా ఆ అదురుకే ప్రాణం పోవచ్చు. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. తడుపుతూనే డాక్టరు దగ్గరకు బయల్దేరండి. తేరుకున్నట్టు కనిపించినా చూపించాలి. లోపలి అవయవాలకు జరిగిన నష్టం తర్వాత బయటపడుతుంది.

మిగతా దారులవారికి

మా దారి సముద్ర తీరం. గాలిలో తేమ ఎక్కువ, తడిగుడ్డ తొందరగా ఆరదు, ఆరకపోతే చల్లదనమూ రాదు. కాబట్టి మాకు ఏసీ, మంచు సీసా తప్పనిసరి. యానాం నుంచి కాకినాడ వెళ్లేవారికీ ఇంతే. దూరం తక్కువ కాబట్టి కష్టమూ తక్కువ.

షోలాపూరు నుంచి హైదరాబాదు, బళ్లారి నుంచి అనంతపురం వెళ్లేవారి దారి పొడి ఎండ. అక్కడ తడిగుడ్డ బాగా పనిచేస్తుంది, కానీ తొందరగా ఆరిపోతుంది. పదే పదే తడపాలి. నీళ్లు కూడా ఎక్కువ పట్టండి.

హోసూరు వారు ఇంకొకటి గమనించాలి. హోసూరు ఎత్తు మీద ఉంది, పొద్దున్న చల్లగా ఉంటుంది. కృష్ణగిరి వైపు దిగగానే ఎండ మారిపోతుంది. బయల్దేరినప్పటి చలవ చూసి మోసపోవద్దు. కోరాపుట్, జయపురం వారు సుంకి ఘాటు మీదుగా సాలూరు దిగేటప్పుడూ ఇదే సంగతి. పైగా మలుపులు. కుందేలు వాంతి చేసుకోదు కాబట్టి దానికి తిప్పుతున్నట్టు పైకి తెలియదు. ముడుచుకుని, గడ్డి ముట్టకుండా కూర్చుంటుంది. ఘాటులో నెమ్మదిగా నడపమని, దిగాక ఒక అరగంట ఆపమని డ్రైవరుకు చెప్పండి.

చేరాక

పెళ్లివారింట్లో అందరికీ చూపించాలని పిల్లలకు ఉబలాటం. మొదటి పూట ఎవరికీ చూపించకండి. బాజాలకు, డీజే పెట్టెలకు, టపాకాయలకు దూరంగా ఉన్న గదిలో పెట్టె తలుపు తీసి ఉంచితే, తనకు ఇష్టమైనప్పుడు బయటికొస్తుంది. నున్నటి నేల మీద కాళ్లు జారి నడుముకు దెబ్బ తగులుతుంది, చాప పరవండి. కరెంటు తీగలు పైకి కట్టండి. ఎలుకల మందు ఎక్కడైనా పెట్టారేమో ఇంటివారిని అడగండి. ఇంట్లో కుక్క ఉంటే గది గడియ వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.

ఆ రాత్రి రెండు విషయాలు చూడాలి. గడ్డి తింటోందా, పెంటికలు మామూలు పరిమాణంలో పడుతున్నాయా. మేము పడుకునే ముందు, తెల్లారి లేచాక చూసి రాసుకుంటాం. నవ్వేవాళ్లు నవ్వుతారు, గుమాస్తా బుద్ధి అంటారు. కానీ మర్నాడు ఉదయానికి పెంటికలు లేవని తెలిస్తే మధ్యాహ్నం దాకా ఆగకుండా డాక్టరు దగ్గరకు పరిగెత్తొచ్చు.

చట్టం, భాష

ఇంట్లో పెంచే తెల్ల కుందేలును సొంత కారులో రాష్ట్రం దాటిస్తుంటే ఇచ్ఛాపురం దగ్గర మమ్మల్ని ఎవరూ కాగితాలు అడగలేదు. అయినా పశువైద్యుడి ఆరోగ్య పత్రం ఒకటి దగ్గరుంచుకుంటాం. పొలాల్లో తిరిగే చెవులపిల్లి సంగతి వేరు. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. దారిలో ఎవరైనా అమ్మినా, పిల్లలు ముచ్చటపడినా కొనకూడదు, కారెక్కించకూడదు. అలాగే ఏ జంతువునైనా బాధ కలిగేలా తరలించడం, చాలీచాలని పంజరంలో ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

దారిలో డాక్టరుకు చెప్పుకోవడానికి పేరు తెలిసి ఉండాలి కదా. ఒడియాలో ఠెకువా, తమిళంలో ముయల్, కన్నడంలో మొల, మరాఠీలో ససా. మన పిల్లలకు బడి వల్ల ఈ మాటలే ముందు వస్తాయి. ఇంట్లో కుందేలు అనే మాట కూడా వాళ్ల నోట నిలబడాలని మా కోరిక.

చివరిగా

ఇంత రాశాక సారం ఒకటే. ఆగిన కార్లో కుందేలును ఒంటరిగా వదలకండి, పది నిమిషాలకైనా, నీడలోనైనా. మిగతావాటిలో ఒకటి రెండు తప్పినా సర్దుకోవచ్చు. ఇది తప్పితే సర్దుకోవడానికి ఏమీ మిగలదు. కార్లో ఉన్న చిన్నపిల్లలు "దానికి ఉక్కపోస్తోంది" అంటే మాట వినండి. వాళ్లు దాన్ని మనకంటే ఎక్కువసేపు చూస్తుంటారు.

మా మనవరాలు ఇప్పుడు పెద్ద క్లాసుకొచ్చింది. మొన్న సంక్రాంతికి బయల్దేరే ముందు మేము రాసిన కాగితం తీసి, వరస ప్రకారం టిక్కులు పెట్టుకుంటూ పోయింది. చివర తన చేత్తో ఒక పంక్తి కలిపింది: "తాత కూడా కార్లోంచి దిగకూడదు, వంతు వచ్చేదాకా." కింద మా సంతకం పెట్టించుకుంది. పెట్టాం.